వెన్నెముక బిగియకమునుపే

రోగమన్నంతనే విశ్రాంతి యనుట మన జనుల కలవాటు. జ్వరము వచ్చిన పడుకొమ్మందుము. ఎముక విరిగిన కదలవలదందుము. నడుము నొచ్చిన నేలమీద చాప పరచి వెల్లకిల పరుండుమందుము. పెక్కు రోగములయం దీ యుపదేశము మేలు చేయునదే. కాని విశ్రాంతియే శత్రువై, కదలికయే యౌషధమైన వ్యాధి యొకటి కలదు. దానిని వైద్యులు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అందురు. వెన్నుపూసల కీళ్ళయందును, వెన్నెముకయు తుంటి యెముకలును కలియు తావునందును సంవత్సరముల తరబడి వాపు రగులుచుండును. వాపు రగిలిన తావుల క్రమముగా క్రొత్త యెముక పెరుగును. తుదకు పూసకు పూస అతుకుకొని, వంగి లేవవలసిన వెన్ను వంగని కట్టెయగును. ఎక్సురే చిత్రమున నది కణుపులుగల వెదురుగడవలె కనబడును గావున దానికి వెదురు వెన్నెముక యని వైద్యులే పేరిడిరి. ఇట్టి రోగులకు వ్యాయామచికిత్సను దూరమునుండి, టెలిఫోను మూలమునను వీడియో మూలమునను అందించుట సాధ్యమా, సమంజసమా, తెలుగునాట దాని నెట్లు నెలకొల్పవలయును అను విషయములను నేడు చర్చింపదలచితిమి.

ఒక నడుము నొప్పికి సంపాదకీయమా యని కొంద రడుగవచ్చును. ఇది ముదిమి తెచ్చు నడుము నొప్పి కాదు. సాధారణముగా 20, 30 ఏండ్ల నడుమ మొదలగును. 45 ఏండ్లు దాటిన పిమ్మట మొదలగుట అరుదు. చదువు ముగించి కొలువున చేరిన యువకుడు, క్రొత్తగా కాపురమునకు వచ్చిన యువతి, మగ్గముమీద కూర్చుండి నలుగురిని పోషించు నేతగాడు, నాట్లవేళ పొలమున దిగవలసిన కూలి, వీరే దీని వాతబడువారు. ఇది పురుషులకే వచ్చు వ్యాధియని పూర్వము తలచిరి. స్త్రీలకును తరచుగా వచ్చుననియు, వారియందు ఎక్సురే గుర్తులు ఆలస్యముగ కానవచ్చుటచే వారు లెక్కకు రాకపోయిరనియు నేటి పరిశోధనలు తెలుపుచున్నవి. ప్రాణము తీయు వ్యాధి కాదుగదా యని ఊరట చెందువారు కలరు. ప్రాణము నిలిచియు మెడ త్రిప్పలేక, ప్రక్కవానిని చూచుటకు మొండెముతో సహా తిరుగవలసి, ప్రక్కటెముకల కీళ్ళు బిగిసి నిండుగ ఊపిరి పీల్చలేక, నలువదియేండ్లు బ్రతుకుట చిన్న శిక్షయా?

దీనిని పసిగట్టుటకు గుర్తులు లేకపోలేదు. ఈ వ్యాధినిగూర్చి కృషిచేయు అంతర్జాతీయ నిపుణులు 2009లో ఐదు గుర్తులను ప్రకటించిరి. నొప్పి 40 ఏండ్లలోపున మొదలగుట, తెలియకుండ మెల్లమెల్లగ ప్రారంభమగుట, కదలినకొలది తగ్గుట, విశ్రాంతిచే తగ్గకుండుట, రాత్రివేళ బాధించి, లేచి తిరిగినంతట శాంతించుట. మూడు మాసములు దాటిన నడుము నొప్పియందీ యైదింటిలో నాలుగు కానవచ్చినచో వైద్యుని దర్శింపవలయును. వేకువను లేచినప్పుడు అరగంటకు మించి నడుము బిగిసియుండుట, మడమ నొప్పి, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకుండుట తోడైనచో అనుమానము బలపడును. వీనిని తెలిసికొనుటకు యంత్రములతో పనిలేదు. అడుగువాడు కావలయును, వినువాడు కావలయును.

ఐనను మొదటి నొప్పికిని రోగనిర్ణయమునకును నడుమ సగటున ఆరేడేండ్లు గడచుచున్నవని పలు దేశముల పరిశోధనలు చెప్పుచున్నవి. ఆ కాలములో రోగి యెన్ని గుమ్మములు త్రొక్కును! ఒకరు పూస జారినదందురు, ఒకరు వాతమందురు, మరియొకరు నరము పట్టినదందురు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచే నడుము తన్నించిన పట్టు విడుచునని నమ్మువారు పల్లెలలో నేటికిని కలరు. ఇంటివారో, రోగిని సోమరి యందురు. ఉదయము చెంబు వంచి ముఖము కడుగుకొనలేనివాడు సాయంకాలమునకు చకచక నడచుట చూచి నటన యందురు. నిజమునకీ వైపరీత్యమే వ్యాధిలక్షణము. గోటితో పోవలసినది గొడ్డలిదాక వచ్చుట యిట్లే.

రోగుల యజ్ఞానమునే నిందించుట న్యాయము కాదు. వైద్యశాస్త్రమే చాలకాలము తప్పుదారిని నడచినది. రష్యాలో బెఖ్తెరెవ్ 1893లోను, జర్మనీలో స్ట్ర్యుంపెల్ 1897లోను, ఫ్రాన్సులో పియేర్ మారీ 1898లోను ఈ వ్యాధిని వర్ణించిరి. పిమ్మట చాలయేండ్లు రోగులను పడకలకు పరిమితము చేయుటయు, ప్లాస్టరు కవచములలో బిగించుటయు వాడుకలో నుండెను. కదలకుండ బిగించిన కీలు కదలికను మరచుట వింతకాదు. తరువాత వెన్నెముకపై ఎక్సురే కిరణములను ప్రసరింపజేయు చికిత్స వచ్చినది. నొప్పి తగ్గెనుగాని నష్టము వెనుకనుండి వచ్చినది. బ్రిటనులో 1935, 1954 సంవత్సరముల నడుమ ఆ చికిత్స పొందిన 13,000కు పైబడిన రోగుల చరిత్రలను కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ అను వైద్యులు పరిశోధించి, వారియందు ల్యుకీమియా యను రక్తపు క్యాన్సరు పలురెట్లు అధికముగ నున్నదని 1957లో ప్రకటించిరి. నొప్పి తగ్గుటయే చికిత్సకు గీటురాయి కాదని ఆ చరిత్ర మనకు నేర్పినది.

నేడు మంచి మందులు లేకపోలేదు. వాపును తగ్గించు మాత్రలు మొదటి మెట్టు. 1973లో ఈ వ్యాధికిని హెచ్‌ఎల్‌ఏ-బి27 అను జన్యులక్షణమునకును గల సంబంధము బయటపడినది. ఐనను ఆ లక్షణము కలవారిలో అధికసంఖ్యాకులకు వ్యాధి రానేరాదనుట మరువరాదు. ఈ శతాబ్ది యారంభమున వాపునకు మూలమైన టీఎన్‌ఎఫ్ అను పదార్థము నడ్డగించు సూదిమందులు వచ్చినవి. వానిలో నొకటియగు అడలిముమాబునకు సదృశమైన మందును 2014లో లోకమున మొట్టమొదట అంగడికి తెచ్చినది అహమ్మదాబాదునందలి మన దేశీయ సంస్థయే. ఇది మనము గర్వింపదగిన విషయము. కాని యీ మందులు నేటికిని పేదవానికి భారమే. క్షయవ్యాధి దాగియున్నదేమో పరీక్షింపక వానిని వాడరాదు. అన్నిటికిని మించి, మందు వాపు నార్పునుగాని వంగిన మెడను తిన్నగ నిలుపదు, క్షీణించిన కండకు బలము నీయదు, ముడుచుకొనిన ఛాతిని విప్పదు. ఆ పని రోగి తన శరీరముతో తానే దినదినము చేసికొనవలసినది. మందు దారి తెరచును, నడువవలసినవాడు రోగియే.

ఈ మాటకు ప్రమాణమేమి? లోకములోని పరిశోధనలను జల్లెడపట్టు కాక్రేన్ సంస్థవారు 2008లో 11 పరిశోధనలను, 763 మంది రోగుల ఫలితములను కూర్చి చూచిరి. ఏ వ్యాయామమును చేయనివారికంటె ఇంటివద్ద చేయువారు మేలుగ నుండిరి. ఇంటివద్ద ఒంటరిగ చేయువారికంటె చికిత్సకుని యెదుట గుంపుగ చేయువారు ఇంకను మేలుగ నుండిరి. 2019లో ఆ సంస్థవారే 14 పరిశోధనలను, 1,579 మంది ఫలితములను పరిశీలించి, వ్యాయామమువలన కలుగు లాభము మితమైనదే కాని ఉన్నమాట నిజమని తేల్చిరి. అద్భుతములను వాగ్దానము చేయని యీ మితభాషయే మాకు నమ్మకము కలిగించుచున్నది. అదే 2019లో అమెరికా కీళ్ళవైద్యుల సంఘమువారు ఈ రోగులకు వ్యాయామచికిత్సను గట్టిగ సిఫారసుచేసి, రోగి పడుకొనియుండగా ఒకరు మర్దనము చేయుటకంటె, వేడి పెట్టుటకంటె, రోగి స్వయముగ చేయు వ్యాయామమే మేలనిరి. నార్వే, స్వీడను దేశములలో 100 మంది రోగులపై జరిగిన పరిశోధనయందు, వారమునకు మూడుమార్లు మూడు మాసములు చెమటపట్టునట్లు చేయించిన వ్యాయామము వ్యాధి తీవ్రతనే తగ్గించినది. కఠినవ్యాయామము కీళ్ళకు చేటను భయమును ఆ ఫలితము చాలవరకు పోగొట్టినది.

ఈ పరిశోధనల సారములో నొక మాటను పాఠకులు ప్రత్యేకముగ గమనింపవలయును. వ్యాయామము మంచిది, ఒకరు చూచుచుండగా చేయు వ్యాయామము మరింత మంచిది. ఇందు రహస్యమేమియు లేదు. ఒంటరివాడు పది దినములు చేసి పదునొకండవ దినమున మానును. నడుము వంచుమనిన మోకాళ్ళు వంచి, వంగితినని భ్రమించును. నొప్పిలేని వైపు పదిమార్లు, నొప్పియున్న వైపు రెండుమార్లు చేయును. చూచు కన్ను ఒకటి యున్నచో ఈ లోపములన్నియు దిద్దబడును. కావున మన సమస్య వ్యాయామములు తెలియకుండుట కాదు; ఆ కన్ను దూరముగ నుండుట.

ఎంత దూరము? ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. కీళ్ళవాతపు నిపుణులు పెద్ద నగరములలోనే అధికముగ నున్నారు. నిపుణుడు రోగము గుర్తించి, మందు వ్రాసి, వ్యాయామము చేయుమని ఒక కాగితము చేతికిచ్చును. ఆ కాగితమున గీతబొమ్మ లుండును. దానిని నేర్పువాడు వారమునకు రెండుమార్లు రమ్మనును. పాడేరు కొండలలోని గిరిజనుడు వారమునకు రెండుమార్లు విశాఖపట్టణమునకు పోగలడా? పోయిన దినమున కూలి పోవును. బస్సు కూలి తగులును. వెంట వచ్చువాని కూలియు పోవును. పైగా తెల్లవారుజామున, వెన్ను మిక్కిలి బిగిసియున్న వేళ, బస్సులో మూడు నాలుగు గంటలు కదలక కూర్చుండవలయును. చికిత్సకై చేయు ప్రయాణమే వ్యాధిని రెచ్చగొట్టును. రెండు వారములు పోయి మూడవ వారము మానినవానిని శ్రద్ధలేనివాడని యెవరు నిందింపగలరు?

ఈ దూరమును తగ్గించుటకు సాధనము మన చేతిలోనికి వచ్చియున్నది. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వపు ఇ-సంజీవని దూరవైద్యవిధానమును ఆరోగ్యకేంద్రములలో మొట్టమొదట నెలకొల్పిన రాష్ట్రము ఆంధ్రప్రదేశమే. 2020 మార్చి 25వ తేదీన కరోనా మహమ్మారివలన దేశమంతయు తలుపులు మూసికొనిన దినముననే దూరవైద్యమునకు నియమావళి వెలువడినది. మాటతోను, చూపుతోను, వ్రాతతోను వైద్యసలహా నిచ్చుటకు దానివలన అధికారికముగ మార్గ మేర్పడినది. కాని ఆ నియమములు నమోదైన వైద్యులను ఉద్దేశించినవి. వ్యాయామచికిత్స చేయు ఫిజియోథెరపిస్టులను 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము తన పరిధిలోనికి తెచ్చినది. వారి దూరశిక్షణకును స్పష్టమగు నియమములు, తగిన ప్రతిఫలము ఏర్పడినగాని యీ పని వేరూనదు.

దూరమునుండి వ్యాయామము నేర్పుట యెట్లు జరుగునో కొంచెము వివరింతుము. రోగి తన ఫోనును ఆరడుగుల దూరమున పీటమీద నిలబెట్టి ప్రక్కవాటుగ నిలుచును. చికిత్సకుడు మెడ యెంత ముందునకు వంగినదో చూచును. మడమలు, వీపు గోడకానించి నిలువుమని, తలవెనుకకును గోడకును నడుమ నెంత యెడమున్నదో ఇంటివారిచే స్కేలుతో కొలిపించును. దర్జీవాని టేపుతో ఊపిరి పీల్చినప్పుడును విడిచినప్పుడును ఛాతి చుట్టుకొలత తీయించును. ప్రక్కకు వంగినప్పుడు చేతివ్రేళ్ళు నేలకెంత దూరమున నున్నవో చూచును. రోగి బాధను, పనిచేయు శక్తిని అంకెలలో తెలుపు ప్రశ్నావళులను ఇంగ్లండులోని బాత్ నగరపు వైద్యులు 1994లోనే సిద్ధపరచిరి. వానిని నోటిమాటగ నడిగి వ్రాసికొనవచ్చును. అటుపిమ్మట వెన్ను నిటారుచేయు సాగుళ్ళు, దీర్ఘశ్వాసలు, తుంటి కీళ్ళను వదులుచేయు కదలికలు, వెన్నుకండలకు బలమిచ్చు వ్యాయామములు, త్వరితనడక యొకదానివెనుక నొకటి చేయించును. మాసమునకొకమారు మరల కొలతలు తీయించి, తగ్గినచో కారణమడిగి, పెరిగినచో వ్యాయామమును పెంచును. ఎనమండుగురు పదిమంది తమతమ యిండ్లనుండి ఒకే వేళకు చేరినచో, గుంపుగ చేయుటయందలి యుత్సాహము సైతము కొంత లభించును.

చేతితో తాకక చేయు చికిత్స చికిత్సయగునా యని శంకించువారు కలరు. ఆస్ట్రేలియాలో 394 మంది మోకాలినొప్పి రోగులపై జరిపిన పరిశోధన 2024లో వెలువడినది. ఫిజియోథెరపిస్టును వీడియోలో చూచినవారును, స్వయముగ పోయి చూచినవారును సమానమైన మేలునే పొందిరని అందు తేలినది. మోకాలు వెన్నెముక కాదని మేమెరుగుదుము. ఈ వ్యాధియందు దూరవ్యాయామముపై ఇంతవరకు జరిగిన పరిశోధనలు చిన్నవి, కొలది వారములవి. ఐనను ఇందలి చికిత్స ప్రధానముగ రోగి తాను చేయునదే కాని చికిత్సకుని చేతితో జరుగునది కాదు గావున, దూరము దీనికంతగా అడ్డుకాదని నమ్ముటకు తగిన హేతువు కలదు.

ఇక హెచ్చరికలు. ఒకే వీడియోను వేయిమందికి పంపి దానికి చికిత్సయని పేరుపెట్టుటను మేము అంగీకరింపము. నేడు ఫోను తెరచినంతనే నడుము నొప్పి కొక్క దినమున విరుగుడు చెప్పు గురువులు వందలకొలది కానవత్తురు. వారి మాట విని, బిగిసిన వెన్నును బలవంతముగ వంచుట ప్రమాదము. అతుకుకొనిన వెన్నెముక పైకి గట్టిగ కనబడినను లోపల బోలై, చిన్న పాటునకే విరుగును. అట్టి వెన్నును పట్టి విరుచుట, త్రొక్కుట, తన్నుట సర్వవిధముల నిషిద్ధములు. యోగాసనములు మంచివే, వెన్నును వెనుకకు సాచు ఆసనములు కొన్ని యీ రోగులకు ప్రత్యేకముగ మంచివి, కాని ఏ మెడకేది తగునో చూచి చెప్పువాడుండవలయును. పడిన తరువాత క్రొత్తగ పుట్టిన తీవ్రమైన నొప్పి, కాళ్ళ తిమ్మిరి, మూత్రముపై అదుపు తప్పుట, కన్ను ఎర్రబడి నొచ్చుట కానవచ్చినచో వ్యాయామము నిలిపి తత్‌క్షణము ఆసుపత్రికి పోవలయును. అట్టివేళ ఫోను తెర చాలదు.

మరియొక యపాయము ప్రభుత్వములవలన రాగలదు. ఫోనున్నదిగదా యని జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు పదవిని ఖాళీగ నుంచుట, నిపుణుని నియమింపకుండుట సులభము. దూరచికిత్స యను పేరుతో పేదవానికి చికిత్సనే దూరము చేయుట జరుగరాదు. తెరకావలివైపున మనుష్యుడుండవలయును, వానికి పదవి, జీతము, తగినంత కాలము నుండవలయును. అది లేని దూరచికిత్స ఉత్తరువు కాగితమే. మేమీ విధానమును సమర్థించుట ఆసుపత్రికి బదులుగ కాదు, ఆసుపత్రి గడప దాటి దాని సేవను పల్లెకు చేర్చు బాటగ.

కావున ఉభయరాష్ట్రముల ప్రభుత్వములకును మేము విన్నవించున దేమనగా: రోగనిర్ణయమును, మొదటి పరీక్షను నిపుణుడు స్వయముగ చేయవలయును, పిమ్మట ఏటేట ఒకసారియైన రోగిని ముఖాముఖి చూడవలయును, నడుమ కాలమును దూరశిక్షణ నింపవలయును. ప్రతి వైద్యకళాశాల యాసుపత్రియందును ఇందుకై ఫిజియోథెరపిస్టులను నియమించి, ఒక రోగికొక్కరే యేడాది పొడుగున శిక్షణ నిచ్చునట్లు చూడవలయును. కోతకును, కట్టునకును, పడకకును వెలకట్టు ఆరోగ్యపథకములు ఇంటివద్ద పొందు శిక్షణకును వెలకట్టవలయును. పల్లెకు వచ్చు ఆశా కార్యకర్తలకు పైన చెప్పిన ఐదు గుర్తులను నేర్పినచో ఆరేడేండ్ల యాలస్యము తగ్గుటకు మార్గమేర్పడును. శిక్షణ తెలుగులోనే, శ్రీకాకుళపు రైతునకును పాలమూరు కూలికిని తెలియు తెలుగులో జరుగవలయును. కోయ, గోండు, ఉర్దూ మాటలాడువారికి వారి భాషలో జరుగవలయును. అట్లైనచో భీవండి, షోలాపురముల మరమగ్గములవద్దనున్న మన నేతవారికిని, గల్ఫు దేశములలో చెమటోడ్చు కరీంనగరపు కార్మికులకును ఆ కంఠము చేరగలదు.

స్త్రీలనుగూర్చి ఒక్క మాట. ఇంటిలో ఫోనొక్కటే యున్నచో అది మగవాని జేబులో నుండును. కోడలు తలుపు మూసికొని అరగంట వ్యాయామము చేసిన అత్తవారింట నేమందురో మనకు తెలియనిది కాదు. కావున గ్రామ ఆరోగ్యకేంద్రమున ఒక గదియు, ఒక తెరయు, అవతల స్త్రీ చికిత్సకురాలును ఏర్పరుపవలయును. ఫోను సరిగా పలుకని కొండపల్లెలకు సైతము ఆ గదియే శరణ్యము. ఇందుకు కోట్లు అక్కరలేదు. ఆ వేళకు ఆ గది తాళము తీయువాడుండిన చాలును.

తుదకు రోగులతోను, వారి బంధువులతోను నాలుగు మాటలు. ప్రభుత్వము కదలుదాక మీ వెన్ను ఆగదు. దగ్గరలోని వైద్యునివద్దకు పోయి యీ గుర్తులను వివరింపుడు. రోగము నిర్ణయమైనచో మందు మానకుడు. నొప్పి తగ్గిన దినమున వ్యాయామము మానకుడు. వేడినీటి స్నానముచేసి బిగువు సడలినవేళ వ్యాయామము చేయుడు. ఎత్తు తలగడ విడువుడు. గంటల తరబడి మగ్గమువద్దగాని, కంప్యూటరువద్దగాని కదలక కూర్చుండకుడు. అరగంట కొకమారు లేచి నిలువుడు. బీడీ, చుట్ట, సిగరెట్టు ఈ వ్యాధిని ముదురబెట్టునవి, వానిని మానుడు. వేకువ నడుము వంగని కొడుకును సోమరియనక, నొప్పియనుచున్న కోడలిని నటనయనక, వారి ప్రక్కన నిలిచి గోడకును తలకును నడుమనున్న యెడమును కొలిచి వ్రాయుడు. ఆ సహాయమునకు చదువక్కరలేదు, ధన మక్కరలేదు.

ఒకసారి పూసకు పూస అతుకుకొనిన పిమ్మట దానిని విడదీయు మందు నేటికిని లేదు. ఆ యతుకు ఒక్క దినమున పడునది కాదు. చికిత్స దొరకక వ్యర్థముగ పోవు ఒక్కొక్క యేడును దానికి తోడ్పడుచున్నది. చికిత్స తెలిసియున్నది, సాధనము చేతిలో నున్నది, నేర్పువారు మన కళాశాలలనుండి ఏటేట వెలువడుచున్నారు. ఈ మూడింటిని కలుపుటయే మిగిలియున్న పని. ఆ పనిలో నింకను జాగుచేసినచో, ఆ జాగునకు వెల చెల్లించువారు మన యువజనులే.